కాలేజీలో ఆత్మహత్యల నివారణ శిక్షణ: గోదావరి డెల్టాలో ఎవరికి ఏది ఇప్పించాలి?

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి ప్రిపేర్ అవుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి నడిపిన కేసు అది. ఆ తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు పెట్టారు. వాటిలో ఒకటి నేరుగా మన కాలేజీల పనిలోకి వస్తుంది. పాఠాలు చెప్పేవాళ్లకే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు అర్హత ఉన్న మానసిక ఆరోగ్య నిపుణులతో శిక్షణ ఇప్పించాలి. ప్రమాద సూచనలు గుర్తుపట్టడం, తనకు తాను హాని చేసుకునే విద్యార్థి విషయంలో ఏం చేయాలి, ఎవరి దగ్గరికి పంపాలి, మానసిక ప్రథమ చికిత్స అంటే ఏమిటి అన్నవి అందులో ఉండాలి.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలో మన జిల్లా పేజీలు తెరవడానికే భయం వేస్తుంది. కాబట్టి శిక్షణ కావాలా వద్దా అన్న చర్చ అనవసరం. ఏ శిక్షణ, ఎవరికి, ఎంతసేపు అన్నదే తేలాలి. భీమవరం, తణుకు, తాడేపల్లిగూడెం, రాజమండ్రి, కాకినాడ, అమలాపురం కాలేజీల్లో ఈ బాధ్యత నెత్తిన పడిన ప్రిన్సిపాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసర్లు, హాస్టల్ వార్డెన్ల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్ ఎంత పెద్దది అన్నది చూడకండి. మీ పిల్లలు కష్టం వచ్చినప్పుడు నిజంగా ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్లకి చిన్న శిక్షణ ఇప్పించండి, కొద్దిమందికి లోతైన శిక్షణ ఇప్పించండి. ఈ రెండిటికన్నా ముందు, ప్రమాదంలో ఉన్నట్టు తెలిసిన విద్యార్థిని ఎక్కడికి పంపాలో కాగితం మీద తేల్చుకోండి.

శిక్షణకు ముందు: ఎక్కడికి పంపుతారు?

ఈ తరహా శిక్షణలన్నిటినీ కలిపి గేట్‌కీపర్ ట్రైనింగ్ అంటారు. నేర్చుకున్నవాళ్లు కౌన్సెలర్లు అయిపోరు. ఎవరైనా చనిపోవాలన్న ఆలోచనలో ఉన్నారని గుర్తుపట్టడం, ఆ మాట సూటిగా అడగడం, వాళ్లని ఒంటరిగా వదలకుండా వైద్యం చేయగల మనిషి దగ్గరికి చేర్చడం, అంతవరకే వాళ్ల పని. అందుకే చేర్చాల్సిన చోటు ముందు తెలియాలి. అది తెలియకపోతే శిక్షణ పొందిన లెక్చరర్ చేతిలో ఒక పిల్లవాడి గుట్టు మిగులుతుంది, దాన్ని ఏం చేయాలో తెలియని టెన్షన్ మిగులుతుంది.

వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని అదే తీర్పు చెప్పింది. అంతకంటే చిన్న సంస్థ అయితే బయటి నిపుణులతో రాతపూర్వకంగా ఏర్పాటు చేసుకోవాలి. మన దగ్గర మానసిక వైద్యులు ఎక్కువగా పట్నాల్లోనే ఉంటారు. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, రాజమండ్రి, భీమవరం, అమలాపురంలో ప్రైవేటు వైద్యులు ఉన్నారు. మలికిపురంలోనో, సఖినేటిపల్లిలోనో ఉన్న పిల్లకి సాయంత్రం ఏడింటికి అవసరం వస్తే ఆ ఊళ్లన్నీ దూరమే. రేవు దాటాలి, లేదంటే చుట్టు తిరిగి రావాలి. ఆ రాత్రికి ఎవరి బండి, ఎవరు వెంట వెళ్తారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేస్తారు అన్నవి ముందే రాసిపెట్టుకోండి.

ఫోన్‌లో మానసిక ఆరోగ్య సహాయం చేసే టెలీ మానస్ సేవ ఉచిత నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని కూడా తీర్పులో ఉంది. గోడ మీద అంటించి ఊరుకోవద్దు. శిక్షణ జరిగే గదిలోనే ప్రతి ఒక్కరూ ఆ నంబర్‌ని తమ ఫోన్‌లో సేవ్ చేసుకునేలా చూడండి. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే మాత్రం ఫోన్‌తో సరిపెట్టకూడదు. 108కి కాల్ చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

'పోలీసు కేసవుతుందేమో' అన్న భయం వల్ల మన ఊళ్లలో చాలా కుటుంబాలు వైద్యం దాకా వెళ్లవు. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఈ ఒక్క విషయం వార్డెన్లకి, తల్లిదండ్రులకి చెప్పని శిక్షణ ఏదైనా అసంపూర్ణమే.

దొరికే శిక్షణలు, వాటి తేడాలు

అన్నిటికన్నా పొట్టిది క్యూపీఆర్. అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త పాల్ క్విన్నెట్ 1995లో రూపొందించాడు. అడగడం, ఒప్పించడం, పంపించడం అనే మూడు మెట్లు. గంట నుంచి రెండు గంటల్లో అయిపోతుంది, ఆన్‌లైన్‌లోనూ ఉంది, మన దేశంలో నేర్పే సంస్థలూ ఉన్నాయి. పెద్ద బలం ఏమిటంటే ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో ఇప్పించవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది. రెండు గంటల్లో విషయం తెలుస్తుంది కానీ నోరు తిరగదు. 'చనిపోవాలనిపిస్తోందా?' అన్న మాట బయటికి అనడం అలవాటు కావాలంటే సాధన కావాలి.

సేఫ్‌టాక్ సగం రోజు పడుతుంది. చెప్పమనడం, అడగడం, వినడం, సురక్షితంగా ఉంచడం దీని వరుస. దీన్ని తయారుచేసిన కెనడా సంస్థదే అసిస్ట్ అనే రెండు రోజుల శిక్షణ. 1980ల్లో అక్కడి కాల్గరీలో పుట్టింది. అసిస్ట్‌లో ఎక్కువ సమయం నటించి చూడటానికే పోతుంది. ఒకరు విద్యార్థిగా, ఒకరు సహాయకుడిగా కూర్చుని మాట్లాడుకుంటారు, చివరికి ఆ రాత్రి గడిచేదాకా ఎలా సురక్షితంగా ఉండాలో ఇద్దరూ కలిసి ప్లాన్ రాసుకుంటారు. లోతు విషయంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ రెండు పూర్తి రోజులు, చిన్న గుంపు, శిక్షణ పొందిన ట్రైనర్లు కావాలి. కాలేజీ మొత్తానికి అసిస్ట్ ఇప్పించడం కుదిరే పని కాదు, అవసరమూ లేదు. మీ కౌన్సెలర్, ఒక లేడీ వార్డెన్, ఒక బాయ్స్ హాస్టల్ వార్డెన్, విద్యార్థులు ఇష్టపడే ఇద్దరు లెక్చరర్లు, ఇలా నలుగురైదుగురికి ఇప్పిస్తే సరిపోతుంది.

మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ వేరే దారి. 2000లో ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్, టోనీ జోర్మ్ మొదలుపెట్టారు. ఆత్మహత్య ఆలోచన ఒక్కటే కాకుండా డిప్రెషన్, ఆందోళన, మద్యం, మాదకద్రవ్యాలు, మతిభ్రమణ లక్షణాలు అన్నిటి మీదా మాట్లాడుతుంది. అందుకే సమయం ఎక్కువ, మామూలు కోర్సు మొదట 9 గంటలు ఉండేది, తర్వాత 12 గంటలు అయింది. మీ కాలేజీలో గంజాయి సమస్య, అటెండెన్స్ పడిపోవడం, నిద్రలేమి లాంటివి ఎక్కువ కనిపిస్తుంటే ఇది ఉపయోగం. కానీ నేరుగా ఆత్మహత్య గురించి అడగడం మీద గడిపే సమయం ఇందులో తక్కువ కాబట్టి, దీన్ని రెండో మెట్టుగా పెట్టుకోండి.

తీర్పులో పేరు పెట్టి చెప్పిన మానసిక ప్రథమ చికిత్సకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక మార్గదర్శిని ఇచ్చింది. చూడు, విను, జోడించు అన్నవి దాని సూత్రాలు. ఇది ప్రధానంగా ఏదైనా విపత్తు జరిగిన తర్వాత పనికొచ్చేది. కాలేజీలో ఒక మరణం జరిగిందనుకోండి. రూమ్‌మేట్లు, అదే బెంచీలో కూర్చున్నవాళ్లు, చివరిసారి ఫోన్‌లో మాట్లాడినవాళ్లు, వీళ్లని ఎలా చూసుకోవాలో ఇది నేర్పుతుంది. ఒక మరణం తర్వాత దగ్గరివాళ్లకి ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఇది అదనపు హంగు కాదు. పైన చెప్పినవాటికి బదులుగా కాదు, వాటితో పాటు ఉండాలి.

ఆన్‌లైన్ మాడ్యూల్స్ గురించి ఎక్కువ చెప్పను. ఒక్కరే కూర్చుని బటన్లు నొక్కి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునేది శిక్షణ రికార్డుకి పనికొస్తుంది. మన దగ్గర అది మొదటి పరిచయంగా మాత్రమే వాడాలి. ఆ తర్వాత ఒక గదిలో కూర్చుని మాటలు పలికించకపోతే ఫలితం ఆశించలేం.

సెప్టెంబర్ 10న, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం పేరుతో ర్యాలీ తీసి, ఒక డాక్టర్‌గారితో ఆడిటోరియంలో గంటసేపు మాట్లాడించడం చాలా కాలేజీల్లో జరుగుతుంది. డాక్టర్‌గారు రావడం మంచిదే, పిల్లలు ఆయన ముఖం చూస్తారు, తర్వాత వెళ్లడానికి జంకు తగ్గుతుంది. కానీ అయిదు వందల మంది ముందు ఉపన్యాసం వినడం వేరు, ఎదురుగా ఉన్న ఒక్క పిల్లవాడిని అడగడం వేరు. దాన్ని ఏడాదికి రెండు శిక్షణల్లో ఒకటిగా లెక్కపెట్టకండి.

ఫలితాల సంగతి

ఇక్కడ నిజం మాట్లాడుకోవాలి. గేట్‌కీపర్ శిక్షణల తర్వాత నేర్చుకున్నవాళ్లకి అవగాహన, ధైర్యం పెరుగుతాయని పదే పదే తేలింది. కానీ కొన్ని నెలల్లో ఆ ధైర్యం తగ్గిపోతుంది. ఆ శిక్షణ ఒక్కదానితోనే ఆత్మహత్యలు తగ్గాయన్నదానికి ఆధారం బలంగా లేదు. అమెరికాలో 2004 నాటి చట్టం కింద కాలేజీలకి, రాష్ట్రాలకి ఇలాంటి కార్యక్రమాల కోసం నిధులిచ్చారు. ఒక అధ్యయనం ప్రకారం, శిక్షణ జరిగిన ప్రాంతాల్లో మరుసటి ఏడాది యువత ఆత్మహత్యలు తగ్గాయి, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదు. ఏడాదికి రెండుసార్లు అన్న షరతు ఎందుకు సరైనదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకో అధ్యయనం నన్ను బాగా ఆలోచింపజేసింది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. యూరప్‌లో పది దేశాల్లో 11,110 మంది స్కూలు పిల్లలతో చేశారు. కొన్ని బడుల్లో టీచర్లకి క్యూపీఆర్, కొన్నిట్లో నిపుణులతో పిల్లల స్క్రీనింగ్, కొన్నిట్లో పిల్లలతోనే మానసిక ఆరోగ్యం గురించి చర్చలు, నటనలు పెట్టారు. ఏడాది తర్వాత చూస్తే, పిల్లలతోనే పనిచేసిన బడుల్లో ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగం తగ్గాయి. టీచర్లకి మాత్రమే శిక్షణ ఇచ్చినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు పదిహేనేళ్ల వయసు పిల్లలు, మనవాళ్లు డిగ్రీ, ఇంజనీరింగ్ వాళ్లు కావచ్చు. అయినా ఇంటర్ కాలేజీలకి ఇది దాదాపు సూటిగా వర్తిస్తుంది. స్టాఫ్ శిక్షణతో ఆగిపోవద్దు, విద్యార్థులని కూడా కలుపుకోవాలి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో స్కూలు సిబ్బందితో చేసిన మరో ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. అప్పటికే పిల్లలతో మాట్లాడే అలవాటున్నవాళ్లకే శిక్షణ ఎక్కువ ఉపయోగపడింది. ఆత్మహత్యాయత్నం చేసిన పిల్లలు పెద్దవాళ్లతో మాట్లాడటమే తక్కువ. మన దగ్గర ఇది ఇంకా ఎక్కువ నిజమని నా నమ్మకం.

ఎవరికి ముందు?

ఇదే అసలు ఎంపిక. ఏ కోర్సు అన్నదానికన్నా ఏ మనిషి అన్నది ముఖ్యం.

డెల్టా కాలేజీల్లో పెద్ద భాగం పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. పొద్దున్న ఏడింటికి ఎక్కి, సాయంత్రం ఆరింటికి దిగుతారు. క్లాసులో నలభై నిమిషాలు కనిపించే లెక్చరర్ కన్నా, రోజూ అదే సీట్లో కూర్చోవడం చూసే డ్రైవర్‌కి ఎక్కువ తెలుస్తుంది. నాలుగు రోజులుగా ఎక్కని పిల్ల, వెనక సీట్లోకి మారిపోయిన పిల్లవాడు, ఏడుస్తూ దిగిన అమ్మాయి, ఇవన్నీ బాబాయ్‌కి కనిపిస్తాయి. హాస్టల్లో అయితే మెస్‌లో వడ్డించే అక్కకి ఎవరు తినడం మానేశారో తెలుసు. వాచ్‌మన్‌కి రాత్రి మేడ మీద ఎవరు తిరుగుతున్నారో తెలుసు. వీళ్లకి ఒక గంట, తెలుగులో, కథలతో, సర్టిఫికెట్ ఆశ లేకుండా చెప్పే శిక్షణ కావాలి. పవర్‌పాయింట్ వద్దు. తీర్పు బోధనేతర సిబ్బంది అన్నది వీళ్లనే.

తర్వాత విద్యార్థులు. 'ఒరేయ్, ఎవరికీ చెప్పకురా' అని మొదట చెప్పేది స్నేహితుడికే. ప్రతి సెక్షన్ నుంచి ఇద్దరు, ప్రతి హాస్టల్ ఫ్లోర్ నుంచి ఒకరు ఉండాలి. టాపర్లని, క్లాస్ రిప్రజెంటేటివ్‌లనే తీసుకోవద్దు. బ్యాక్‌లాగ్స్ ఉన్న సీనియర్ ఒకడు జూనియర్ల గుట్టు ఎక్కువ మోస్తుంటాడు, వాడిని తప్పకుండా తీసుకోండి. అమ్మాయిల్లో, అబ్బాయిల్లో, ఎస్సీ హాస్టల్లో, బీసీ హాస్టల్లో, తీర గ్రామాల నుంచి వచ్చే పిల్లల్లో అందరి నుంచీ ఉండాలి. కానీ ఒక హద్దు గీయాలి. విద్యార్థి పని విని, పెద్దవాళ్లకి చేర్చడం వరకే. రాత్రంతా కాపలా కాయడం, ఫోన్‌లో ప్రాణాలు నిలబెట్టడం ఆ వయసు పిల్లల మీద వేయకూడదు.

ఇంకా ఒక వర్గం ఉంది: పిల్లలు ఇళ్లలో చూసే పెద్దవాళ్లు. కోనసీమలో చాలా ఇళ్లలో తల్లి గల్ఫ్‌లో పనిచేస్తుంటే పిల్లల్ని అమ్మమ్మ పెంచుతుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు దెబ్బతిన్న ఏడాది ఇంట్లో అప్పుల మాటే నడుస్తుంది, ఫీజు అడగడానికి పిల్లవాడు భయపడతాడు. పేరెంట్స్ మీటింగ్‌లో పదిహేను నిమిషాలు ఈ విషయానికి కేటాయించండి. ఇంట్లో పురుగుమందుల డబ్బాలు తాళం వేసి ఉంచమని అప్పుడే చెప్పండి. ప్రాణహాని కలిగించే వస్తువులు చేతికి అందకుండా చేయడం ఆత్మహత్యల నివారణలో బాగా రుజువైన మార్గాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కష్టమైన గంట గడిచేదాకా అడ్డు ఉంటే, చాలామంది ఆ తర్వాత బతుకుతారు.

తెలుగులో పలికించని శిక్షణ కొనకండి

ఏ ట్రైనర్‌ని పిలిచినా మొదట అడగాల్సింది ఇదే: మా వాళ్లచేత తెలుగులో మాట్లాడిస్తారా? ఇంగ్లీషు స్లైడ్ మీద ప్రశ్న చదవడం తేలిక. వేలాడిపోయిన ముఖంతో ఎదురుగా కూర్చున్న పిల్లవాడిని 'చనిపోవాలన్న ఆలోచన వస్తోందా నాన్నా?' అని అడగడం కష్టం. నాలుక మడతపడుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అన్న భయం వస్తుంది. అది నిజం కాదని చాలా పరిశోధనలు చూపించాయి. అడగడం వల్ల ప్రమాదం పెరగదు. చాలామందికి, ఎవరో అడిగారు కదా అని ఊపిరి వస్తుంది.

మన పిల్లలు నోటితో చెప్పే మాటలు కూడా శిక్షణలోకి రావాలి. 'నేను లేకపోతే అందరికీ హాయి', 'ఇంక నాతో మీకు ఇబ్బంది ఉండదులెండి సార్', 'అమ్మని జాగ్రత్తగా చూసుకో అక్కా', ఇలాంటివి. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఎన్నాళ్లో కుమిలిపోయిన పిల్ల హఠాత్తుగా ప్రశాంతంగా మారడం, వాట్సాప్ స్టేటస్‌లో వీడ్కోలు మాటలు కూడా గమనించాలి. సమాధానంగా ఏం అనకూడదో కూడా పలికించి చూపించాలి. 'ఈ మాత్రానికేనా', 'మీ నాన్న ఎంత కష్టపడుతున్నాడో తెలుసా', 'దేవుడి మీద భారం వెయ్యి' అన్న మాటలు ప్రేమతోనే వస్తాయి. వినేవాడికి మాత్రం తలుపు మూసినట్టే ఉంటుంది. 'ఎప్పటి నుంచి ఇలా ఉంది? చెప్పమ్మా, నాకు తొందరేమీ లేదు' అనడం నేర్పాలి. 'ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి సార్' అంటే ఒట్టు వేయకూడదు. 'నీకు తెలియకుండా ఏమీ చేయను, కానీ నిన్ను ఒంటరిగా మాత్రం వదలను' అనాలి.

ఎలా కలపాలి

మూడు వందల మందితో నడిచే ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి డబ్బు తక్కువ. దగ్గరి మానసిక వైద్యులని లేదా అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పిలిచి స్టాఫ్ అందరికీ రెండు గంటల శిక్షణ, ఆ రోజే మధ్యాహ్నం ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లకి ఇంకో రెండు గంటలు పెట్టించండి. మిగిలిన డబ్బు ఎవరైనా విద్యార్థిని వైద్యం దాకా తీసుకెళ్లే ఖర్చుకి పక్కన పెట్టండి. ఈ కాలేజీకి అసిస్ట్ గురించి ఆలోచించనక్కరలేదు.

బస్సులు, హాస్టళ్లు, వేలమంది ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ అయితే లెక్క మారుతుంది. నలుగురైదుగురికి రెండు రోజుల లోతైన శిక్షణ, వాళ్ల చేతే ఏడాది పొడవునా చిన్న గుంపులకి సాధన, డ్రైవర్లకి, మెస్ సిబ్బందికి, సెక్యూరిటీకి విడిగా గంట. సెమిస్టర్ రిజల్ట్స్, డిటెన్షన్ లిస్ట్, ప్లేస్‌మెంట్ తేదీల క్యాలెండర్ లోతైన శిక్షణ పొందిన మీ బృందం చేతిలో ఉండాలి. ఆ రోజుల్లో వాళ్లు క్యాంపస్‌లోనే ఉండాలి.

పూర్తిగా రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీ అయితే నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. అక్కడ శిక్షణకన్నా ముందు మార్పు కావాలి. ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం తీర్పులో వద్దన్న పనులు. అవి అలాగే ఉంచి వార్డెన్‌కి శిక్షణ ఇప్పించడం వల్ల ఉపయోగం తక్కువ. అవి మానేశాక వార్డెన్లకి, రాత్రి డ్యూటీ వాళ్లకి శిక్షణ, పిల్లలతో వారానికో చర్చా పీరియడ్ పెడితే యూరప్ అధ్యయనంలో పనిచేసిన దారికి దగ్గరగా వెళ్తాం.

ట్రైనర్‌తో ఒప్పుకునే ముందు ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. ఒక బ్యాచ్‌లో ఎంతమంది? ముప్ఫై దాటితే నటించి చూసే భాగం జరగదు. వచ్చినవాళ్లలో ఎవరికైనా ఆ రోజే బాధ పొంగితే చూసుకునే మనిషి పక్క గదిలో ఉంటారా? ఇంట్లో అలాంటి మరణం చూసినవాళ్లు ప్రతి స్టాఫ్ రూమ్‌లోనూ ఉంటారు, వాళ్లకి బయటికి వెళ్లే స్వేచ్ఛ ముందే చెప్పాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తారా? విద్యార్థిని ఎక్కడికి పంపాలో రాసుకున్న మా రెఫరల్ కాగితం మీరు చూసి సరిదిద్దుతారా? ఈ చివరిదానికి 'అది మీ పని' అన్న జవాబు వస్తే ఇంకొకరిని వెతకండి.

తేదీల విషయానికొస్తే, మొదటి శిక్షణ కొత్త అడ్మిషన్లు కుదురుకున్నాక ఆగస్టు, సెప్టెంబర్‌లలో, రెండోది పబ్లిక్ పరీక్షలకి నెల ముందు పెట్టుకోండి. రిజల్ట్స్ వచ్చే రోజు సెలవుల్లో పడినా, ఫెయిలైన పిల్లలకి ఆ సాయంత్రమే ఫోన్ చేయడానికి ఎవరెవరు అన్న జాబితా రెండో శిక్షణ రోజే తయారు చేయండి. 'సప్లీ ఉంది కదమ్మా, రేపు కాలేజీకి రా, మాట్లాడుకుందాం' అని చెప్పే గొంతు ఆ పిల్లకి తెలిసినవాళ్లదై ఉండాలి.